వాయుగుండం అంటే ఏంటి టీచర్?

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే కోస్తా జిల్లాల్లో ఆడవాళ్ళ చెవి ఒకటి ఎప్పుడూ వార్తల మీదే ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం, వాయుగుండంగా బలపడే అవకాశం, రేవుల్లో ఒకటో నంబరు ప్రమాద సూచిక... ఈ మాటలు వింటూనే దండెం మీది బట్టలు తీసేస్తాం. బియ్యం డబ్బా అటక ఎక్కిస్తాం. కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు తెప్పించి పెట్టుకుంటాం. మరి మన పక్కనే కూర్చుని అవే వార్తలు వింటున్న ఆరేళ్ళ, ఏడేళ్ళ పిల్లలకి ఆ మాటలు ఏమని అర్థమవుతున్నాయో ఎప్పుడైనా అడిగి చూశారా?

నేను అడుగుతూ ఉంటాను. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. రెండు, మూడు తరగతులకి చెబుతాను. ఏటా దసరా సెలవులు అయిపోగానే ఒక వారం రోజులు తెలుగు పీరియడ్‌లో గాలీవానల మాటలే మా పాఠం. మొదటి రోజు నేనేమీ చెప్పను. బోర్డు మీద ఒక్కో మాట రాసి, 'ఇదేమిటో చెప్పండర్రా' అంటాను, అంతే.

ఇక చూడండి! అల్పపీడనం అంటే 'చిన్న పీడకల' అంటాడొకడు. వాయుగుండం అంటే 'గాలికి జుట్టంతా ఊడిపోయి గుండవడం' అంటుంది ఇంకో పిల్ల. కాదు, ఆంజనేయస్వామి గుడి దగ్గరి కోనేరు అంటాడు వెనక బెంచీవాడు. వాయుపుత్రుడు కదా మరి! వడగాలి అంటే వడలు వేయించేటప్పుడు వచ్చే గాలిట. ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ 'తీరం దాటింది' అంటే ఏమిటని అడిగితే క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో చెబుతుంది: 'వెళ్ళిపోయింది టీచర్, ఇంక ఆడుకోవచ్చు'. 'ఒకటో నంబరు ప్రమాద సూచిక' అంటే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, క్లాసులో ఫస్టు వచ్చినట్టు!

ఈ రెండు జవాబులూ విన్నాక నవ్వు రాదు. ఎందుకంటే ఇవి తిరగబడిన అర్థాలు. చిన్న హెచ్చరికకి హడలిపోయి, అసలు ప్రమాదం నెత్తిమీదున్నప్పుడు వీధిలోకి పరిగెత్తే అర్థాలు. మాటొస్తే సరిపోదు, ఆ మాట వినగానే ఏం చెయ్యాలో కూడా రావాలి. అందుకే మా గోడమీది చార్టులో మూడు గళ్ళుంటాయి: మాట, గుర్తు, పని. మూడో గడి నిండితేనే ఆ మాట వచ్చినట్టు లెక్క.

తీరం దాటడమంటే వచ్చేయడం

ఈ మాట నేర్పడానికి నాకు కావలసింది ఒక చాక్‌పీసు, తొమ్మిదిమంది పిల్లలు. ఆవరణలో ఒక గీత గీస్తాను. గీతకి అటు సముద్రం, ఇటు మన ఊరు. తొమ్మిదిమందీ ఒకరి వెనక ఒకరు భుజాలు పట్టుకుని రైలులా నిలబడి సముద్రం వైపు నుంచి నడిచొస్తారు. అందరూ కలిసి ఒక్క తుపాను. ఐదోవాడి నెత్తిన ఎర్ర రుమాలు ఉంటుంది. వాడే మధ్యభాగం, అంటే కేంద్రం. వాడు గీత తొక్కగానే మిగిలిన పిల్లలంతా 'తీరం దాటిందోచ్' అని అరవాలి.

అప్పుడు అందరినీ కదలకుండా నిలబడమంటాను. ఎంతమంది ఊళ్ళోకి వచ్చారు? నలుగురు. గీత మీద ఒకడు. ఇంకా సముద్రం మీద ఎంతమంది ఉన్నారు? నలుగురు! అంటే ఇంకా సగం తుపాను వెనకాలే ఉందన్నమాట. వందల కిలోమీటర్ల వెడల్పుండే తుపానులో, మధ్యభాగం నేలమీదకి రావడాన్నే 'తీరం దాటడం' అంటారని చెబితే అప్పుడు ఠక్కున అర్థమవుతుంది. చార్టులో పని గడిలో వాళ్ళే రాయిస్తారు: 'బయటికి రాకూడదు. పెద్దవాళ్ళు చెప్పేదాకా ఇంట్లోనే.'

తుపాను కన్ను

మధ్యలో ఉన్నవాడి గురించి ఇంకో మాట చెప్పాలి. బలమైన తుపానుకి నడిమధ్య 'కన్ను' ఉంటుంది. బకెట్లో నీళ్ళు పోసి, గరిటెతో గిరగిరా తిప్పి, నాలుగు కాగితం ముక్కలు వేస్తాను. అంచుల్లో నీళ్ళు పరుగులు పెడుతుంటే నడుమ చిన్న గుంటలా కనిపిస్తుంది. నిజం తుపాను కూడా ఇలాగే తిరుగుతుంది. వెచ్చని సముద్రం మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, అదే అల్పపీడనం. ఖాళీ పూడ్చడానికి చుట్టుపక్కల గాలి పరిగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ గాలి తిన్నగా రాలేక సుడి తిరుగుతుంది. మన వైపు ఎప్పుడూ గడియారం ముళ్ళకి ఎదురుదిక్కులోనే తిరుగుతుంది. సుడికి నడిమధ్య మాత్రం గాలి దాదాపు ఉండదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను విశాఖపట్నం మీదుగానే వెళ్ళింది. పొద్దున్నుంచీ చెట్లను కూల్చిన గాలి ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ తర్వాత మళ్ళీ మొదలైంది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. కన్ను వచ్చినప్పుడు 'హమ్మయ్య' అనుకుని కొబ్బరికాయలేరుకోవడానికో, పశువుల్ని చూసుకోవడానికో బయటికొచ్చేవాళ్ళకి అదే పెద్ద గండం. 'గాలి హఠాత్తుగా ఆగితే అది కన్ను. కన్ను మూసుకోగానే రెండో సగం వస్తుంది' అని మా రెండో తరగతి పిల్లలు ఇప్పుడు తాతలకి చెబుతారు.

గాలికి నిచ్చెన, వానకి బకెట్లు

అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను... ఈ వరస పిల్లలకి వైకుంఠపాళి నిచ్చెన బొమ్మతో సులువుగా వస్తుంది. కింది మెట్టు అల్పపీడనం. గాలి గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62కి చేరితే తుపాను. అప్పుడే దానికో పేరు పెడతారు. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను. 221 దాటితే సూపర్ సైక్లోన్. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచెత్తింది అదే. 62 అంటే రోడ్డుమీద బస్సు వేగం, 118 అంటే ఎక్స్‌ప్రెస్ రైలు అంటే చాలు, పిల్లల కళ్ళు పెద్దవవుతాయి. మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా ఉంటుంది. దాన్నే వార్తల్లో 'బలహీనపడింది' అంటారు.

పేర్లంటే వాళ్ళకి మహా సరదా. మన సముద్రాల్లో పుట్టే తుపానులకి పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. చుట్టుపక్కల దేశాలు ముందుగానే పేర్లిచ్చి ఉంచుతాయి. హుద్‌హుద్ ఒక పిట్ట పేరు, ఒమన్ ఇచ్చింది. 2018లో శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసిన తిత్లీ పేరు పాకిస్తాన్ ఇచ్చింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక! పేరు ముద్దుగా ఉంటే తుపాను కూడా ముద్దుగా ఉంటుందా? 'ఉండదు టీచర్' అని గట్టిగా చెబుతారు.

నిచ్చెనలో ఒక్క చిక్కుంది. అది గాలికి మాత్రమే నిచ్చెన, వానకి కాదు. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్‌నగర్‌ని బుడమేరు ముంచేసినప్పుడు వచ్చింది తుపాను కాదు, కేవలం వాయుగుండమే. దానికి పేరు కూడా లేదు. 'వాయుగుండమే కదా' అని తీసిపారేయకూడదని పెద్దవాళ్ళం మనమే మరిచిపోతాం. 'బలహీనపడింది' అన్న మాట వినగానే నిశ్చింతగా పడుకుంటాం. బలహీనపడింది గాలి. వాన అలాగే కురుస్తూ ఉండొచ్చు.

అందుకని వానకి వేరే లెక్క నేర్పుతాను. బడి గచ్చు మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీస్తాం. ఒక సెంటీమీటరు వానంటే ఆ గడిలో పది లీటర్ల బకెట్‌తో ఒక బకెట్ నీళ్ళు. 7 సెంటీమీటర్ల దగ్గర్నుంచి భారీ వర్షం, 12 నుంచి అతి భారీ వర్షం, 20 దాటితే అత్యంత భారీ వర్షం. అంటే ఈ చిన్న గడిలోనే ఇరవై బకెట్లకి పైగా! 'మరి మా పెరటి మొత్తానికి ఎన్ని బకెట్లు టీచర్' అని వాళ్ళే లెక్కలు వేసుకుంటారు. తెలుగు పీరియడ్ కాస్తా లెక్కల పీరియడ్ అయిపోతుంది, నాకేమీ అభ్యంతరం లేదు.

ఒకటి చిన్నది, పది పెద్దది

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు ఒకటి నుంచి పదకొండు వరకూ ఉంటాయి. ఇవి ముఖ్యంగా ఓడలకీ, పడవలకీ చెప్పే కబుర్లు. ఒకటంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని. రెండంటే దూరంగా తుపానే ఉందని. మూడు, నాలుగు రేవుకే గాలివాన ముప్పు ఉందని. ఐదు, ఆరు, ఏడు ప్రమాదం. ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదం. ఐదుకీ ఆరుకీ, ఎనిమిదికీ తొమ్మిదికీ తేడా బలంలో కాదు, తుపాను రేవుకి ఏ పక్క నుంచి వెళ్తుందన్నదే. పదకొండంటే? హెచ్చరికలు పంపే కేంద్రంతో మాట్లాడే దారే తెగిపోయిందని.

మా పిల్లల్లో చాలామంది తండ్రులు వేటకి వెళ్ళేవాళ్ళు. అందుకే ఈ పాఠం రోజున క్లాసులో గొడవ ఉండదు. ఒక పిల్లయితే ఇంటికెళ్ళి, 'నాన్నా, ఒకటో నంబరుంటే ఇప్పుడేమీ కాదు, కానీ దూరం మాత్రం పోవద్దు' అని చెప్పిందట. ఆ తండ్రికి తెలియని సంగతా ఇది? సూచికల లెక్క నాకన్నా ఆయనకే బాగా తెలుసు. కానీ తల్లి చెప్పింది నాతో: 'అదలా చెప్పాక ఆయన ఆ పూట వల బాగుచేసుకుంటూ ఇంటికాడే ఉండిపోయాడు టీచరుగారూ' అని.

మన ఫోన్లకి వచ్చే హెచ్చరికల్లో రంగులుంటాయి కదా, అవి పిల్లలకి నంబర్లకన్నా తొందరగా పట్టుబడతాయి. ఆకుపచ్చ అంటే ఫరవాలేదు. పసుపు అంటే వార్తలు వింటూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే చెప్పిన పని వెంటనే చెయ్యాలి.

ఉప్పెన పాఠం మామ్మగారిది

ఒక్క మాటకి మాత్రం నేను పాఠం చెప్పను. మా ఊళ్ళో 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన చూసిన మామ్మగారొకరున్నారు. ఆవిణ్ణి పిలుస్తాం. శవాల సంగతులు చెప్పొద్దని, ఎలా బతికారో చెప్పమని ముందే మాట్లాడుకుంటాం. తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఎలా వేళ్ళాడారో ఆవిడ చెబుతుంటే పిల్లలు గుక్క తిప్పుకోరు. 'ఉప్పెనంటే మాకూ తెలుసమ్మా. సముద్రం కాస్త ముందుకొస్తది అనుకున్నాం. ఇంటికన్నా ఎత్తున వస్తదని ఎవరు చెప్పారు?' అంటారావిడ.

ఆ మాటే నేను బోర్డు మీద రాస్తాను. ఉప్పెన రోజూ ఒడ్డున చూసే అలలాంటిది కాదు. తుపాను గాలి తోసుకొచ్చిన నీటితో సముద్రమట్టమే లేస్తుంది. దివిసీమలో దాదాపు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. అంటే మా బడి గది కప్పుకన్నా పైకి. ఆ ఒక్క తుపానుకి దాదాపు 10 వేలమంది పోయారు, అందులో ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్నది గాలి కాదు, నీరు. 1990 మే 9న అంతే బలమైన తుపాను మళ్ళీ మన తీరానికే వచ్చింది. అప్పటికి హెచ్చరికలూ, తుపాను షెల్టర్లూ మెరుగుపడ్డాయి. లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. 2014లో హుద్‌హుద్ నాటికి ఆ లెక్క పదుల్లోకి దిగింది. పని గడిలో మా పిల్లలు రాసేది ఇదీ: 'షెల్టరుకి పదండి అంటే మారాం చెయ్యకుండా వెళ్ళాలి. బొమ్మల కోసం వెనక్కి రాకూడదు.'

అర్జునుడి పేర్లు ఎక్కడ చెప్పుకోవాలి?

మెరుపు కనిపిస్తుంది, ఉరుము వినిపిస్తుంది, పిడుగు పడుతుంది. ఈ మూడూ ఒకదానికొకటి ఏమవుతాయో పిల్లలకి తెలియదు. మెరిశాక ఉరిమేదాకా అంకెలు లెక్కపెట్టమంటాను. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. ముప్ఫై లెక్కపెట్టేలోపే ఉరిమితే ఇంట్లోకి పరుగు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు.

ఉరుములప్పుడు అర్జునుడి పేర్లు తలుచుకోవడం మనిళ్ళలో అలవాటు. అది తప్పని నేను చెప్పను. 'ఆ పేర్లు చెట్టుకింద నిలబడి కాదు, ఇంట్లోకి పరిగెడుతూ చెప్పుకోండి' అంటాను, అంతే. దేవుడి మీద నమ్మకమూ ఉంటుంది, ఒళ్ళూ తడవదు. పొలంలో చిక్కుకుపోతే పడుకోకుండా, రెండు పాదాలూ దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలని కూడా చేసి చూపిస్తాం. కప్పల్లా కూర్చోవడం వాళ్ళకి మహా ఇష్టం.

'ఇంత చిన్నపిల్లలకి ఈ భయాలెందుకు?'

ఏటా ఎవరో ఒక తల్లి వచ్చి అడుగుతుంది: 'టీచరుగారూ, మావాడు రాత్రి ఉలిక్కిపడ్డాడు. అక్షరాలు నేర్పమంటే ఉప్పెనలు నేర్పుతున్నారేంటి?' ఆ తల్లి బాధ నాకర్థమవుతుంది. ఆవిణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి చెబుతాను. పిల్లలకి ఈ మాటలు మనం నేర్పితే వస్తున్నవి కావు. టీవీలో రోజుకి వందసార్లు వస్తున్నాయి. పడిపోయిన స్తంభాలు, కొట్టుకుపోయిన ఇళ్ళు తిప్పితిప్పి చూపిస్తూనే ఉన్నారు. వాడు చూస్తూనే ఉన్నాడు. అర్థం తెలియని మాట చీకట్లో నీడలాంటిది, ఎంత ఊహించుకుంటే అంత పెరుగుతుంది. అర్థం తెలిసి, దానికో పనీ తెలిసిన పిల్లవాడు తనకొక బాధ్యత ఉందనుకుంటాడు. భయం పూర్తిగా పోదు. కానీ కాళ్ళు చచ్చుబడే భయం కాకుండా కాళ్ళు కదిలించే భయం అవుతుంది.

అయితే హద్దులున్నాయి. ఆ వయసు పిల్లలకి చావుల లెక్కలు చెప్పను. ఆ అంకెలు మీకోసం రాశాను. రోజుకి రెండు మాటలకన్నా నేర్పను. ప్రతి పాఠాన్నీ ఆటతోనో, 'మనమేం చేస్తాం' అన్న మాటతోనో ముగిస్తాను. ప్రమాదం మాటతో పిల్లల్ని ఇంటికి పంపను.

ఇంట్లో మీరు చేయదగ్గవి

టీచర్లే నేర్పాలని లేదు. కూర తరుగుతూ కూడా చెప్పొచ్చు. నాకు బాగా పనికొచ్చినవి కొన్ని చెబుతాను.

వార్తలు విన్నాక టీవీ కట్టేసి, 'ఇప్పుడేం చెప్పారు?' అని పిల్లల్నే అడగండి. తప్పు చెబితే నవ్వకండి. ఎలా అర్థం చేసుకున్నారో ముందు వినండి.

'ఏమీ కాదులే' అని ఊరుకోకండి. ఏమైనా అయితే ఆ మాట మీద నమ్మకం పోతుంది. 'గాలి గట్టిగా వస్తుంది. కిటికీలు వేసుకుని లోపలి గదిలో ఉంటాం. నీళ్ళొస్తాయంటే మేడమీదకో, షెల్టరుకో వెళ్తాం' అని చెప్పండి.

తుపాను సంచి సర్దేటప్పుడు పిల్లల చేత చేయించండి. టార్చిలైటు, మంచినీళ్ళ సీసాలు, బిస్కట్లు, మందులు, పాలిథిన్ కవర్లో ఆధార్, రేషన్ కార్డులు. ఒక్కో వస్తువు పేరూ వాళ్ళే చదివి టిక్కు పెట్టాలి. వాళ్ళకి నచ్చిన బొమ్మ ఒక్కటి కూడా పెట్టనివ్వండి.

అమ్మానాన్నల పూర్తి పేర్లు, ఊరు, ఒక ఫోను నంబరు, 112 నంబరు నోటికి రావాలి. ఎక్కాల్లాగే రోజూ ఒకసారి చెప్పించండి.

అత్తగారినీ, అమ్మనీ కూర్చోబెట్టి వాళ్ళ మాటలు అడిగించండి. ముసురు, జడివాన, కుండపోత, ఈదురుగాలి, వడగళ్ళు, తూర్పుగాలి... వార్తల్లో వినిపించని ఈ మాటలు ఇంటి పెద్దవాళ్ళ దగ్గరే ఉన్నాయి. పిల్లలు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే రోజుకో మాట, పక్కన చిన్న బొమ్మ. సంవత్సరం తిరిగేసరికి వాళ్ళదే ఒక నిఘంటువు తయారవుతుంది.

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ళు ఇది మనకెందుకని అనుకోకండి. తెలంగాణలో, రాయలసీమలో పిడుగు, వడగాలి, వడదెబ్బ, వాగు పొంగడం ఉండనే ఉన్నాయి. వాగు దాటేటప్పుడు మోకాలిలోతు నీళ్ళేగా అనుకుంటే మనిషి కొట్టుకుపోతాడని ఏడేళ్ళ పిల్లకి తెలియాలి. ఎండాకాలం బడి నుంచి వచ్చిన పిల్లాడు 'తల తిరుగుతోందమ్మా' అంటే అది వంక కాదని, వడదెబ్బ కావచ్చని తల్లికీ తెలియాలి. మీ ఊరికి ఏ ముప్పు ఎక్కువో ఆ మాటలతోనే మొదలుపెట్టండి.

ఈసారి బంగాళాఖాతంలో అల్పపీడనం అని వినబడగానే, బట్టలు తీయడానికి లేచేముందు ఒక్క ఐదు నిమిషాలు పిల్లల పక్కన కూర్చోండి. నిచ్చెన బొమ్మ గీసి, కింది మెట్టు మీద వేలు పెట్టి, 'ఇప్పుడిక్కడుంది. పైకెక్కుతుందో లేదో రేపు మనిద్దరం చూద్దాం' అని చెప్పండి. మర్నాడు పేపరు రాగానే ముందు పరిగెత్తేది వాళ్ళే.